గడప లోపలి జోళ్ళు

మా ఇంట్లో చెప్పులు గడప దాటవు. ఈ నియమం పెట్టింది మా అత్తగారు. కాని ఆమెకంటే గట్టిగా అమలు చేసింది నేను. వీధి తలుపుకు ఎడమ పక్కన ఒక నల్ల బండ ఉంది. వచ్చినవాళ్ళెవరైనా దాని దగ్గర విప్పాల్సిందే. ఒకసారి ఓట్ల కాలంలో ఒక పెద్దమనిషి తన మనుషులందర్నీ వెంటేసుకొని వచ్చి, బూట్లతోనే లోపలికి అడుగు పెట్టబోయాడు. "బండ ఆడుంది నాయనా" అన్నాను. ఆయన విప్పాడు. ఆయన విప్పితే వెనక ఉన్నవాళ్ళు విప్పక తప్పుతుందా? పోయేటప్పుడు ఎవరి చెప్పు ఎవరిదో తేలక వాకిట్లో చాలాసేపు గొడవపడ్డారు. ఓటు సంగతి అడగడం మరిచిపోయారు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను చిన్నపిల్లలకు లెక్కలు చెప్పాను. ఏదైనా జరిగిన వరసలో చెప్పకపోతే నాకు తోచదు. మా కోడలు ఇప్పటికీ ఈ సంగతి దసరా తర్వాత జరిగిందంటుంది. కాదు, దసరాకు ముందే జరిగింది. అందుకే ఇది నేనే రాస్తున్నాను.

అది రెండువేల ఆరు. ఆ ఎండాకాలం చికున్‌గున్యా వచ్చి ఊరంతా కీళ్ళు పట్టుకొని నడిచింది. జూలూరుపాడు నుంచి అడవి వైపు పోయే దారిలో మాది చిన్న ఊరు. పత్తి, మిరప, మధ్యలో కొంచెం వరి. మనుషులు పొలానికి పోలేక అరుగుల మీద కూర్చొని, ఒకరి నడకను చూసి ఒకరు నవ్వుకునే రోజులవి. అందుకే మా మనవరాలు కుంటుతుంటే ఎవరూ పట్టించుకోలేదు. అప్పటికామెకు అయిదో తరగతి అయిపోయింది.

"ఈడ గుంజుతుంది నాయనమ్మా" అని చీలమండ లోపలి పక్క చూపించేది. ఆ తర్వాత పిక్క చూపించేది. సాయంత్రం ఆట మధ్యలో వచ్చి అరుగు మీద కూర్చుండిపోయేది.

పక్కింటామె, "ఊరంత కుంటుతుంటె నీ మనవరాలు ఒక్కతి చక్కగ నడుస్తదా?" అంది.

"ఆమెకు జరం రాలేదు" అన్నాను.

"వస్తది తియ్, తొందరేముంది?"

సూదులు వేసే ఆయన్ని పిలిస్తే ఆయనా అదే మాట అన్నాడు. కొందరికి జ్వరం రాకుండానే నొప్పులు వస్తాయని బిళ్ళలు ఇచ్చి పోయాడు. తొలకరి నాటికి ఊళ్ళో వాళ్ళు ఒక్కొక్కరే లేచి పొలాలకు పోయారు. మా పిల్ల మాత్రం అలాగే ఉంది. జూన్‌లో ఆరో తరగతిలో చేరింది. హైస్కూలు రెండు మైళ్ళు, మధ్యలో ఒక వాగు. ఆటోలు ఆ దారిన పోవు, పోయినా వాగు దగ్గర ఆగిపోతాయి. పిల్లలంతా కలిసి నడిచే పోతారు. మా పిల్ల అందరికంటే వెనకబడి, కాళ్ళు ఎడంగా వేస్తూ, పాదాలు బయటికి తిప్పి నడిచేది. బళ్ళో ఆమెకు బాతు అని పేరు పెట్టారు.

కల్లూరు నుంచి ఆమె అమ్మమ్మ కిరాణా కొట్టు ఫోనుకు ఫోను చేసింది. మా వియ్యపురాలు మంచి మనిషే. శుభ్రం విషయంలో నాకంటే రెండాకులు ఎక్కువ. ఆమె వంటింట్లో ఎర్ర రంగు గచ్చు. ఏటా దసరాకు మళ్ళీ రంగు పూయిస్తుంది. దాని మీద కాళ్ళు కడుక్కోకుండా అడుగు పెడితే అల్లుడని కూడా చూడదు.

"అడవి దారిన రెండు మైళ్ళు పిల్లని నడిపిస్తారా వదినా?" అంది. "మా ఇంటి ఎదురే బడి. గంట విన్నాక బయల్దేరినా అందుతుంది. దానికి నొప్పి తగ్గకపోతే దసరాకి వచ్చి తీసుకుపోతాను. టీసీ తీసి ఉంచండి."

మా అబ్బాయికి ఆ మాట నచ్చింది. "రోజు నొప్పితోటి పోవుడెందుకమ్మా? ఆడనే చదువుకోనియ్" అన్నాడు. కోడలు అవునని అనలేదు, కాదనీ అనలేదు. పిల్ల మాత్రం నన్నొక్క మాట అడిగింది.

"అమ్మమ్మోళ్ళ ఊళ్ళె వాగు ఉంటదా?"

"ఉండదు."

"మరి నా దోస్తు?"

దోస్తు అంటే వాగు అవతలి గూడెం నుంచి వచ్చే పిల్ల. ఇద్దరూ ఒకే తరగతి. పొద్దున వాగు ఒడ్డున ముందు వచ్చిన పిల్ల రెండో పిల్ల కోసం ఆగుతుంది. మాకు మనుషులున్నారు, పొలం ఉంది. ఆ వయసులో మా పిల్లకున్నదల్లా ఆ దారి, ఆ దోస్తు. రాత్రి ఇంట్లో లెక్కలకు నాతో పోటీ పడేది కూడా మా పిల్ల ఒక్కతే. పంపేది లేదని నాకు నేను అనుకున్నాను. కాని నొప్పి తగ్గించకుండా ఆ మాట పైకి అనే హక్కు నాకు లేదు.

జూన్ నెల దాటకముందే పిల్లను ఖమ్మం తీసుకుపోయాను. ఏన్కూరు, తల్లాడ, వైరా అన్నీ కిటికీలోంచి లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. ఎముకల డాక్టరు గది బయట మేమిద్దరం చెప్పులు విప్పి లోపలికి పోయాం. విప్పమని అక్కడ బోర్డు ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

డాక్టరు పిల్లను గోడ వైపు తిప్పి నిలబెట్టి వెనక నుంచి చూశాడు. నన్నూ వంగి చూడమన్నాడు. మడమలు రెండూ బయటికి వాలి ఉన్నాయి. లోపలి చీలమండలు నేలకు దిగినట్టున్నాయి. అరికాలి కింద ఉండాల్సిన గుంట లేదు, పాదమంతా నేలకు ఆనింది.

"ఇప్పుడు మునివేళ్ళ మీద నిలబడమ్మా" అన్నాడు. నిలబడింది. అరికాలి కింద చక్కటి వంపు తేలింది.

"చూశారా అమ్మా? పాదం బిగుసుకుపోలేదు, మెత్తగానే ఉంది. అది మంచిదే. కాని నడిచేటప్పుడు లోపలికి ఒరిగిపోతుంది. ఆ బరువు అంతా ఈ పక్క పడి నొప్పి పుడుతుంది. పిక్క కూడా బిగుసుకుంది."

పిల్ల వెనక్కి తిరగకుండానే అడిగింది. "నా దోస్తుది గూడ గిట్లనే ఉంటది సార్. వాగు కాడ బండ మీద తడి అడుగులు ఏసి జూసినం. దానిది గూడ పలక లెక్కనే పడ్డది. దానికి నొప్పి లేదు. నాకంటె బాగ ఉరుకుతది."

డాక్టరు నవ్వాడు. "అయితే నీ దోస్తును ఉరకనియ్యి. చానా మందికి పాదం చదునుగానే ఉంటది, జీవితమంతా హాయిగా నడుస్తారు. నొప్పి లేని కాలికి మందెందుకు? నీకు నొప్పి ఉంది, కాబట్టి నీకు ఇస్తున్నా."

"ఇస్తే గుంట పడుతదా?" అని నేను అడిగాను.

"పడుతుందని నేను చెప్పనమ్మా. నొప్పి తగ్గాలి, నడవాలి. దానికోసం ఇస్తున్నా. చాలదా?"

"చాలు" అన్నాను. ఆ మాట ఇంటికి వచ్చాక కోడలికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె విన్నది. నమ్మలేదు.

పాదం కింద పెట్టే అట్టలు చేయించాలన్నాడు. మడమ దగ్గర గట్టిగా ఉండే జోళ్ళలో పెట్టుకోవాలి. పిక్క సాగే కసరత్తులు రోజూ చేయాలి. "అన్నిటికంటే ముఖ్యం, ఎప్పుడూ వేసుకోవాలి. మొదట కొన్నాళ్ళు కొంచెం కొంచెంగా అలవాటు చేసి, తర్వాత పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా. వేసుకుంటుందా?"

"ఏసుకుంటది. నేను చూసుకుంట" అన్నాను.

పోలియో పిల్లలకు కాలికి కట్టే పట్టీలు చేసే చోటుకు పోయాం. అక్కడి ఆయన పిల్ల పాదాలకు తడి సున్నపు పట్టీలు చుట్టి అచ్చు తీశాడు. చక్కిలిగింతకు పిల్ల మెలికలు తిరిగింది. "నవ్వకు బిడ్డా, నవ్వితే అచ్చు గూడ నవ్వుతది. రేపు జోళ్ళల్ల నిన్ను నవ్విస్తది" అన్నాడు. వారం తర్వాత పోతే రెండు అట్టలు ఇచ్చాడు. మడమ దగ్గర చిన్న గిన్నెలా లోతు, లోపలి పక్క ఎత్తు. ఎడమది ఏదో కుడిది ఏదో అడుగున పెన్నుతో రాసి ఇచ్చాడు. పాదం పెరిగినప్పుడల్లా మార్చాలన్నాడు. ఇది రాసేనాటికి పిల్ల తొమ్మిదో తరగతి. చెప్పినట్టే మారుస్తూ వస్తున్నాం.

తర్వాత జోళ్ళ దుకాణం. మంచి జోడు ఎట్లా ఉండాలో డాక్టరు చేతిలో పెట్టి చూపించాడు. వెనక మడమ పట్టు నొక్కితే లొంగకూడదు. నడిమధ్యలో వంగకూడదు, వేళ్ళ దగ్గరే వంగాలి. మెలితిప్పితే తిరగకూడదు. నేను ఒక్కో జోడూ తీసి నొక్కి, వంచి, మెలితిప్పి పక్కన పెడుతుంటే దుకాణం ఆయన కాసేపు చూశాడు.

"పెద్దమ్మా, జోళ్ళు కొంటున్నవా, బట్టలు పిండుతున్నవా?"

"పిండితె నీళ్ళు కారనిది ఇయ్యి, కొంట" అన్నాను. తాళ్ళు కట్టుకునే నల్ల జోళ్ళు దొరికాయి. వాటితో వచ్చిన పల్చటి అట్ట తీసేసి మావి పెడితే సరిగ్గా కూర్చున్నాయి.

ఊళ్ళో ఆ జోళ్ళను చూడటానికి అందరూ వచ్చారు. అబ్బాయి, "ఖమ్మంల చేపిచ్చినయి, పోగొట్టకు" అన్నాడు. కోడలు, "తడపకమ్మా, అట్ట పాడైపోతే మళ్ళీ అంత దూరం పోవాలి" అంది. నేను కూడా జాగ్రత్తనే అన్నాను. పిల్ల తలూపింది. జోళ్ళను బండ మీద ఒక మూలన, ఎవరి కాలూ తగలని చోట పెట్టుకుంది.

జూలై గడిచింది. ఆగస్టు సగం గడిచింది. నొప్పి అట్లాగే ఉంది. సాయంత్రం బడి నుంచి వచ్చి, బండ దగ్గర జోళ్ళు విప్పి, అరుగు మీద కాళ్ళు చాపుకొని కూర్చునేది. కోడలు పిక్కలు పిసికేది. పొద్దున స్నానం కాగానే తడి కాలితో గచ్చు మీద నిలబెట్టి అడుగు ముద్ర చూసేది. పలకలా పడేది.

"ఏం మారలేదు అత్తయ్యా" అనేది.

"మారదని డాక్టరు ముందే చెప్పిండు గద."

"ఏమో. కొంచెమన్నా గుంట పడాలిగా."

బడి పిల్లలు బాతు పేరును కొంచెం పెంచి బూట్ల బాతు చేశారు. కిరాణా కొట్టుకు మళ్ళీ ఫోను వచ్చింది. వియ్యపురాలు వాళ్ళ ఊరి హెడ్‌మాస్టరుతో మాట్లాడేసింది. "అట్టలతో కాళ్ళు బాగయ్యేదుంటే ఈపాటికి అయ్యేది వదినా. దసరాకి వస్తున్నా" అంది. మా అబ్బాయి టీసీ ఎప్పుడు అడగాలని నన్నే అడిగాడు.  అట్టలు పని చేయలేదంటే పిల్లను ఆపడానికి నా దగ్గర ఇంకో మాట లేదు.

వినాయక చవితికి ముందు ఇల్లు కడుగుతూ బండ మీద ఉన్న జోళ్ళన్నీ తీసి పక్కన పెట్టాను. పిల్ల జోళ్ళు చేతిలోకి తీసుకొని మట్టి దులుపుదామని తిరగేశాను. దులపడానికి మట్టి లేదు. అడుగున గీతలు అచ్చు పడ్డట్టు కొత్తగా ఉన్నాయి. మడమ అంచు కూడా అరగలేదు. పక్కనే నా చెప్పులున్నాయి, ఆ జోళ్ళ కంటే తర్వాత కొన్నవి. నేను పాలకూ కొట్టుకూ తప్ప ఎక్కడికీ పోను. అవి మడమ దగ్గర వాలిపోయాయి. రోజూ రెండు మైళ్ళు పోయి రెండు మైళ్ళు వచ్చే పిల్ల జోళ్ళ అడుగు అరగలేదంటే, ఆ దారి నడిచింది పిల్ల గాని జోళ్ళు కావు.

పిల్లను పిలిచాను. "ఈ జోళ్ళు ఏసుకుంటున్నవా?"

"ఏసుకుంటున్న."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ ఏసుకుంటున్న నాయనమ్మా. అబద్ధం చెప్తలేను."

అబద్ధం చెప్పే పిల్ల కాదు. మర్నాడు పొద్దున నేనూ ఆమెతో బయల్దేరాను. ఎందుకని అడిగితే, మీ సారును చూసి చాలా రోజులయిందన్నాను.

బండ దగ్గర జోళ్ళు తొడుక్కొని తాళ్ళు కట్టుకుంది. ఊరు దాటేదాకా వేసుకొనే నడిచింది. ఊరి చివరే ఉన్న వాగు దగ్గర ఆగింది. దోస్తు అవతలి ఒడ్డున నిలబడి చెయ్యి ఊపింది. మా పిల్ల జోళ్ళు విప్పి, సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి, అందులో పెట్టి ముడి వేసింది. వాగులో నీళ్ళు మోకాలి కిందకే ఉన్నాయి. దాటింది. దాటాక మళ్ళీ తొడుక్కుంటుందని చూశాను. తొడుక్కోలేదు. అక్కడినుంచి బురద దారి.

"జోళ్ళేవే?"

"బురదైతయి నాయనమ్మా. తడపొద్దన్నరు గద."

ఉత్త కాళ్ళతో, పాదాలు బయటికి తిప్పుకుంటూ బడి దాకా నడిచింది. బడి ముందు బోరింగు దగ్గర దోస్తు నీళ్ళు కొడుతుంటే కాళ్ళు కడుక్కొని, తుడుచుకొని, జోళ్ళు తీసి తొడుక్కుంది. బోరింగు నుంచి బడి వరండా దాకా మహారాణిలా నడిచింది. వరండాలో పిల్లల చెప్పులన్నీ వరసగా ఉన్నాయి. వాటి పక్కన తనవి విప్పి పెట్టింది.

"ఈడ గూడ ఇప్పుతవా?"

పిల్ల నన్ను వింతగా చూసింది. "బడి గద నాయనమ్మా. లోపట సరస్వతమ్మ పటం ఉంటది."

"మరి ఎప్పుడూ ఏసుకుంటున్న అన్నవు?"

"ఏసుకునే కాడ ఎప్పుడూ ఏసుకుంటున్న."

నేను ఆ వరండా మెట్టు మీద కూర్చుండిపోయాను. నవ్వు వచ్చింది. పిల్ల లెక్కలో తప్పు లేదు. డాక్టరు చెప్పిన 'ఎప్పుడూ' పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు మునిగిందాకా. మా ఇంటి 'ఎప్పుడూ' గడప బయట మొదలై గడప దగ్గర ఆగిపోతుంది. ఆయన చెప్పిన మాట నేను విన్నాను, ఇంటికి తెచ్చాను, నాకూ కోడలికీ అబ్బాయికీ ఒక్కరికీ అది ఇంటి లోపలికి వర్తిస్తుందని తట్టలేదు. తట్టడానికి ఆయన గది ముందే మేం చెప్పులు విప్పి లోపలికి పోయాం కదా. పిల్ల పొద్దంతా బళ్ళో ఉత్త కాళ్ళతో ఉంటుంది. ఇంట్లో రాతి లాంటి గచ్చు మీద ఉత్త కాళ్ళతోనే తిరుగుతుంది. వాగు దాటాక దారిలోనూ అంతే. ఖమ్మం అట్టలు పని చేయలేదని ఇంట్లో అందరం అనుకుంటున్నాం. వాటికి మేం పని చెప్పింది ఎక్కడ?

తిరిగి వస్తుంటే నా నడక తేలికగా ఉంది. మందు పని చేయకపోతే నేను చేయగలిగింది లేదు. మందు వేసుకోకపోతే చేయగలిగింది చాలా ఉంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర చెప్పాను. "ఇగ నుంచి పిల్ల ఇంట్ల గూడ జోళ్ళేసుకుంటది."

కోడలు గరిటె ఆపింది. "ఇంట్లోనా అత్తయ్యా? వంటింట్లోకి కూడానా?"

"వంటింట్లకు గూడ."

"దేవుడి గూటి దగ్గరికి?"

"ఆడ ఇప్పి, కూసోని మొక్కుతది. కూసున్నప్పుడు కాళ్ళ మీద బరువు పడది."

అబ్బాయి నవ్వుతూ, "నా బండి గూడ లోపటికి తెచ్చుకోనా అమ్మా?" అన్నాడు.

"నీ కాళ్ళకేమైంది?"

"ఏం గాలే. ఇన్నేండ్లు మమ్ముల బండ కాడ నిలబెట్టినవు గద, అడుగుతున్న."

"నా కండ్లద్దాలు బజారుకు పోతయి, బస్సెక్కుతయి, దుమ్ము పడతది. గడప కాడ తీసి పెట్టి లోపట తడుముకుంట తిరుగుతున్ననా? తుడుచుకొని పెట్టుకుంటున్న. పిల్లవి గూడ గంతే."

 అయితే బయట తిరిగిన జోళ్ళనే లోపలికి రానివ్వడానికి నాకూ మనసొప్పలేదు, అది దాచను. మర్నాడే ఖమ్మం పోయాను. షుగరు ఉన్నవాళ్ళు వేసుకునే మెత్తటి రబ్బరు చెప్పులు ఉంటాయి. అలాంటి వాటికే వెనక పట్టీ పెట్టి, లోపల పిల్ల అచ్చు ప్రకారం ఎత్తు అంటించి, ఇంకో జోడు చేసివ్వమన్నాను.

"ఇంట్లకా?" అన్నాడు ఆ అచ్చు తీసిన ఆయన. "ఇంట్లకని ఇప్పటిదాక ఎవరూ అడగలేదమ్మా."

"మీ ఇంట్ల నువ్వెక్కడ ఇడుస్తవు?"

"గడప బయటనే" అని ఒక్క క్షణం ఆగి, "అవ్ గదా" అన్నాడు. దగ్గర కూర్చొని చేయించుకొని వచ్చాను.

హెడ్‌మాస్టరు దగ్గరికి కూడా పోయి చెప్పాను. నాది కూడా ఒకప్పుడు బడి ఉద్యోగమే కాబట్టి ఎక్కువ చెప్పాల్సిన పని పడలేదు. తరగతిలో ఆమెను జోళ్ళతోనే కూర్చోనిచ్చాడు. మొదటి రోజు పిల్లలంతా మాకూ కావాలన్నారట. ఒకడు చెప్పులతో లోపలికి వచ్చి గుంజీలు తీశాడట. తర్వాత మరిచిపోయారు.

పిల్లకు నేను చెప్పింది ఒకటే. "వాగుల తియ్యి. ఒడ్డెక్కినంక కాళ్ళు తుడుచుకొని తొడుక్కో. బురదైతె నేను కడుగుత. బురద గాకపోతెనే తిడుత."

కసరత్తులు కూడా అప్పటిదాకా మొక్కుబడిగా సాగుతున్నాయి. నేనూ పక్కన నిలబడి చేయడం మొదలుపెట్టాను. గోడకు చేతులు ఆనించి, మడమ నేలకు నొక్కి, పిక్క సాగేదాకా ముందుకు వంగాలి. ఆ తర్వాత కాలి వేళ్ళతో చింతగింజలు ఏరి గిన్నెలో వేయాలి. ఈ పోటీలో నేను ఒక్కసారి కూడా గెలవలేదు. నా కాలి బొటనవేలు నా మాట వినడం మానేసి చాలా కాలమైంది. "నాయనమ్మా, నీ ఏలు నిద్రపోతుంది" అని పిల్ల నవ్వేది.

కొత్త ఎత్తుకు మొదట్లో పాదం ఒరుసుకుంది. రోజుకు కొంచెం కొంచెంగా పెంచాం. సెప్టెంబరులో ఒక సాయంత్రం పాలు విరిగిపోయాయి. కోడలు తనలో తను విసుక్కుంటూ ఉంటే, అరుగు మీద ఉన్న పిల్ల గిన్నె తీసుకొని, బండ దగ్గర జోళ్ళు మార్చుకొని, పక్క వీధికి పోయి పాలు తెచ్చింది. ఎవరూ పంపలేదు. బడి నుంచి వచ్చాక ఆ పిల్ల తనంతట తను మళ్ళీ వీధిలోకి పోయి నెలలైంది. నేను కోడలి వైపు చూశాను. కోడలు పాలగిన్నె వైపు చూస్తోంది. ఆ తర్వాత పిక్కలు పిసకమని పిల్ల అడగడం తగ్గింది. వాగు ఎక్కువగా పారిన రోజుల్లో, చుట్టూ తిరిగి వచ్చినప్పుడు మాత్రం అడిగేది.

దసరా సెలవులకు ఇంకొక్క రోజు ఉందనగా వియ్యపురాలు మధ్యాహ్నం బస్సుకు దిగింది. తల్లాడలో బస్సు మారి వచ్చిందట. బండ దగ్గర చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కొని, లోపలికి వచ్చి కూర్చోగానే, "టీసీ తీసుకున్నారా వదినా?" అంది.

"పిల్ల రానీ. ముందు చాయ్ తాగు" అన్నాను.

సాయంత్రం పిల్ల వచ్చింది. బండ మీద కూర్చొని బురద జోళ్ళు విప్పింది. ఇంటి జోడు గడప లోపలి పక్క చాప ముక్క మీద ఉంటుంది. అందుకొని తొడుక్కొని, పట్టీ బిగించి, "అమ్మమ్మొచ్చింది" అంటూ నేరుగా వంటింట్లోకి పోయింది.

వియ్యపురాలి చేతిలో గ్లాసు ఆగిపోయింది. "అదేంటి? చెప్పులతో వంటింట్లోకి పోతుందేంటి? ఇది మీ ఇల్లేనా వదినా? సంబంధం మాట్లాడ్డానికి వచ్చినప్పుడు మా ఆయన చేత మీరు మేజోళ్ళు కూడా విప్పించారు."

"ఇప్పిచ్చిన. ఆయన కాళ్ళు బాగనే ఉండె" అన్నాను.

ఆమె మా కోడలి వైపు తిరిగింది. "నువ్వన్నా చెప్పలేదా?"

"చెప్పులు కాదమ్మా అవి" అంది కోడలు. ఆ మాట కోడలి నోట వస్తుందని నేను అనుకోలేదు. "దాని కళ్ళజోడు లాంటివి."

వియ్యపురాలు పిల్లను దగ్గర కూర్చోబెట్టుకొని, పాదం ఒళ్ళో పెట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. "గుంట రాలేదుగా. అలాగే ఉంది."

"అట్లనే ఉంటది. నొప్పి సంగతి అడుగు" అన్నాను.

"ఇవాళ నడిచే వచ్చావా?"

"నడిచే వచ్చిన అమ్మమ్మా."

"నొప్పి ఉందా?"

పిల్ల చీలమండ నొక్కి చూసుకుంది. "చివరికి వచ్చినంక కొంచెం. మునుపటి లెక్క లేదు."

లేదని అంటే ఆమె నమ్మేది కాదు. నేనూ నమ్మేదాన్ని కాదు.  కాని వియ్యపురాలు తన కళ్ళతో చూడనిది ఒప్పుకునే మనిషి కాదు. మర్నాడు పొద్దున పిల్లతో తనూ బయల్దేరింది. నేను పోలేదు.

వాళ్ళు పోయాక చాలాసేపటికి ఆమె ఒక్కతే తిరిగి వచ్చి అరుగు మీద కూలబడింది. చీర అంచులు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి. మంచినీళ్ళు ఇచ్చాను. తాగింది.

"వాగు దాటాక నేను బండ మీద కూర్చుండిపోయా" అంది. "నా వల్ల కాలేదు. అది, ఇంకో పిల్ల ఉందిగా, ఇద్దరూ నా కోసం ఆగారు. పొండి, గంట కొడతారని నేనే పంపించా. చూస్తూ కూర్చున్నా. మలుపు తిరిగేదాకా ఎక్కడా ఆగలేదు వదినా."

"కుంటిందా?"

"లేదు. పాదాలు అలాగే బయటికి వేస్తుంది గాని, కుంటలేదు." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ ఇంకో పిల్ల దీన్ని బాతు అంటుందేంటి?"

"ఈమె ఆ పిల్లను ఏమంటదో అడుగు."

నవ్వింది. తడిసిన చీర అంచులు పిండుకుంటూ, "టీసీ వద్దులే" అంది. "సెలవులకి మాత్రం నాతో పంపండి."

"పంపుత. ఇంటి జోడు గూడ పెట్టి పంపుత."

ఆమె తల తిప్పుకుంది. తన ఎర్ర గచ్చు గుర్తుకు వచ్చి ఉంటుంది. నిన్ననే రంగు వేయించి వచ్చానని చాయ్ తాగుతూ చెప్పింది.  ఇంటి జోడు ఒక గుడ్డ సంచిలో పెట్టి, పిల్ల బట్టల పైన అందరికీ కనిపించేట్టు పెట్టాను.

సెలవులు అయిపోయాయి. బడి తెరిచే ముందు రోజు మా అబ్బాయి పోయి పిల్లను తీసుకొచ్చాడు. అన్నం తిని, దోస్తుకు దాచి తెచ్చిన అరిసెలు మళ్ళీ లెక్కపెట్టుకొని, పడుకుంది. నేను సంచీలోంచి ఇంటి జోడు తీశాను. కోడలు దీపం దగ్గరికి జరిపింది. తిరగేసి చూశాను.

అడుగంతా ఎర్రగా ఉంది. మడమ నుంచి వేళ్ళ దాకా, రెండింటికీ.